గ్రాఫిక్స్ కార్డు నిర్దోషి

అద్దె గది, మెట్ల కింద
వానలు మొదలైన వారం

మహారాజశ్రీ మావయ్యగారి సముఖమునకు,

మేనల్లుడు సాష్టాంగపడి, అంటే ఈ గదిలో సాష్టాంగపడేంత చోటు లేదు గనుక మంచం మీదే బోర్లా పడుకుని, చేసుకుంటున్న క్షమాపణ విన్నపం.

మీ ల్యాబ్‌లో కంప్యూటర్ తెర నల్లబడినందుకు క్షమించండి. కుళాయి కారుతున్నందుకు క్షమించండి. గోడ గడియారం వెనకబడినందుకు, ప్లాస్టర్ బస్తా చెమ్మగిల్లి గడ్డకట్టినందుకు, ఎదురింటి పిల్లి మీ మేడమెట్ల మీద ఈనినందుకు కూడా క్షమించండి. ఇవన్నీ నేను మీ కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి కొత్తది వేసిన తర్వాతే జరిగాయని మీ ఉత్తరంలో సెలవిచ్చారు. నిజమే. వానాకాలం కూడా ఆ తర్వాతే వచ్చింది. రుతువులన్నిటి తరఫునా నేనే తల వంచుతున్నాను.

ఉత్తరం "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టాలట. ఇక్కడ నేను క్షేమం. అక్కడ కంప్యూటర్ క్షేమంగా లేదు. కాబట్టి ఆ మాటలో సగం అట్టిపెట్టుకుంటున్నాను, తెర వెలిగాక పంపుతాను.

అయితే పోయిన నెల సెలవు పెట్టి వచ్చి నేను చేసిందేమిటో కూడా ఒకసారి రికార్డులోకి ఎక్కించాలి. మీ లెక్క ప్రకారం నేను "బాగున్న డబ్బాని విప్పి పాడుచేసి బస్సెక్కాను". అయ్యా, ఆ డబ్బా బాగాలేదు. మీరు పళ్ళు కట్టే మనిషి. డాక్టరమ్మ తన క్లినిక్‌లో నోరు స్కాన్ చేసి పంపితే, మీరు దాన్ని తెర మీద చూసి పన్ను గీస్తారు. మిల్లింగ్ మెషిన్ ఆ పన్నుని తెల్లటి దిమ్మలోంచి చెక్కుతుంది. కొత్త స్కాన్లు ఎంత బరువెక్కాయంటే, తెర మీద పన్నుని ఇటు తిప్పమని చెప్పి మీరు టీ తాగి వస్తే అప్పుడు తిరగడం మొదలుపెట్టేది. డాక్టరమ్మే పోరి పోరి మీ చేత కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనిపించింది. కార్డేమో కొత్తది, సిస్టమేమో పాతది. ఒకళ్ళ మొహం ఒకళ్ళకి తెలియదు. ఒక్కో పన్నూ ఇటుకలా కనిపించిందా లేదా? "ఇది నోరా, ప్రహరీ గోడా?" అని అడిగింది మీరే.

అందుకని మీ ఫైళ్ళన్నీ బయట దాచి, పాతది తుడిచి, కొత్త సిస్టమ్ వెయ్యబోయాను. తెర నల్లబడింది. కార్డు చెప్పేది సిస్టమ్‌కి అర్థం కావాలంటే మధ్యలో డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉండాలి. అది ఇంటర్నెట్‌లో ఉంది. ఇంటర్నెట్ చూడాలంటే తెర కావాలి. తెర వెలగాలంటే డ్రైవర్ కావాలి. నేను ఈ చక్రంలో గిరగిరా తిరుగుతుంటే మీరు నా వీపు వెనకాల నిలబడి "ఏమైంది? ఏమైంది?" అంటున్నారు. చివరికి "నాయనా, కార్డుని పట్టించుకోకు, ముతక తెర ఇస్తే చాలు" అని సిస్టమ్‌ని బతిమాలి లోపలికి దూరాను. డ్రైవర్ తెచ్చాను. మీ పళ్ళ ప్రోగ్రామ్ కూడా కొత్తగా వేసి, అది అడిగిన ప్రశ్నలన్నిటికీ నేనే జవాబులిచ్చి, అన్నీ వెలుగుతుండగానే బస్సెక్కాను.

మరి ఇప్పుడెందుకు నల్లబడింది? నాకో అనుమానం. డబ్బా వెనకాల తెర తీగ పెట్టే చోట్లు రెండున్నాయి. పైది పాతది. కిందది, అడ్డంగా ఉన్నది, కొత్త కార్డుది. దుమ్ము దులుపుతూ ఎవరో తీగ పీకి, అలవాటుకొద్దీ పైదాంట్లో పెట్టి ఉంటారు. ఆ ఎవరో మీరని నేను అనడం లేదు. పిల్లి అయ్యుండొచ్చు.

విధేయుడు,
మేనల్లుడు


పళ్ళ ల్యాబ్, మేడ మీద
కుళాయి ఇంకా కారుతూనే ఉంది

ఒరేయ్ మేధావీ,

నీ క్షమాపణ చేరింది. చదువుతుంటే నవ్వొచ్చింది, అందుకని కోపం ఇంకాస్త పెరిగింది.

నేను దుమ్ము దులపలేదు. తుడిచాను. రెండూ ఒకటి కావు. తీగ కిందకి మార్చాను, తెర వెలిగింది. అంతకుముందే డబ్బాని ఒక్క చరుపు చరిచాను కాబట్టి ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

మీ అమ్మ నన్ను అడుగుతోంది, "ఇద్దరికీ ఫోన్లున్నాయి, ఈ ఉత్తరాలేమిట్రా?" అని. తెర నల్లబడ్డ రోజున ఫోన్‌లో నువ్వు నన్నూ నేను నిన్నూ అన్న మాటలు అక్కకి చెప్పలేదులే. ఇక నీతో మాట్లాడనన్నాను. అన్నమాట మీద ఉన్నాను. రాయనని అనలేదు. పైగా ఇందులో ఒక సుఖం ఉందిరా. ఫోన్‌లో నువ్వు నాకు ఒక్క ముక్క చెప్పే సందివ్వవు. కాగితం మీదైతే నేను ముగించేదాకా నువ్వు నోరు మూసుకునే ఉంటావు. ఈ సంగతి నీ చిన్నప్పుడే తెలిసుంటే బాగుండేది.

కాగితం వెనకాల ముప్పై రెండు పళ్ళ బొమ్మ చూసి కంగారుపడకు. ఆర్డర్ చీటీలు మిగిలిపోయాయి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ కార్డు మామూలుది కాదు. పంటి మీద గీత, చిగుళ్ళ పక్కన మెరుపు, అన్నీ కళ్ళకి కట్టినట్టున్నాయి. ఇన్నాళ్ళూ నేను పొగమంచులో పని చేశాననిపించింది. నా పద్ధతి నీకు తెలుసుగా. బద్ద పెట్టి గీసినట్టు నేరుగా ఉన్న పళ్ళు కట్టుడు పళ్ళని వీధి చివరినుంచే తెలిసిపోతాయి. నేను కట్టిన ప్రతి వరుసలోనూ ఒక పన్ను రవ్వంత పక్కకి తిరిగి ఉంటుంది. అప్పుడే అది మనిషి నోరు. ఇప్పుడు ఆ రవ్వంతని వెంట్రుకవాసి తేడా లేకుండా తిప్పగలుగుతున్నాను.

అసలు సంగతి. మీ అమ్మ ముందు పళ్ళు నాలుగూ కదులుతున్నాయి. డాక్టరమ్మ తీసేద్దామంది. నేనే కడతాను, ఇంకెవరు కడతారు? వాటిలో ఒకటి పక్కదాని మీదకి ఎక్కి వంకరగా ఉంటుంది కదా, ఆ పన్ను మీద పన్ను నాకు కంఠతా వచ్చు. పని నేర్చుకునేటప్పుడు మైనంలో నేను చెక్కిన మొట్టమొదటి పన్ను అదే. అక్క నవ్విందంటే ముందు ఆ పన్ను నవ్వుతుంది, తర్వాతే మిగతావి. దాని అచ్చు బీరువా మీద ఉంది. కానీ అచ్చు నవ్వదు కదా. నవ్వినప్పుడు పెదవి ఎంత లేస్తుందో తెలియాలి. నవ్వవే అంటే ఇప్పుడు మూతి బిగించుకుంటోంది, కదిలే పళ్ళు కనిపిస్తాయని సిగ్గు. మీ అమ్మ నోరారా నవ్వుతున్న ఫోటో ఒకటి వెతికి పంపు. లైబ్రరీలో ఆమె రిటైర్మెంట్ సభ జరిగేలోపు కట్టెయ్యాలి.

మావయ్య


అద్దె గది, మెట్ల కింద
వాన వెలిసిన ఆదివారం

చరుపుతో యంత్రాలకు ప్రాణం పోసే మావయ్యగారికి,

దాచిపెట్టిన సగం కుశలం ఇందులో జతచేస్తున్నాను. అందినట్టు రసీదు పంపగలరు.

అమ్మ పళ్ళ సంగతి విని ఆశ్చర్యపోయాను. ఎంతలా అంటే, ఆశ్చర్యపోవడానికి అద్దం ముందు రెండుసార్లు సాధన చేశాను.

ఇక ఫోటో. మీ ఆజ్ఞ తలదాల్చి ఫోన్‌లో ఉన్నవీ, నేను ఇంట్లోంచి ఎత్తుకొచ్చిన ఆల్బమ్‌లో ఉన్నవీ అన్నీ తిరగేశాను. పెళ్ళి ఫోటోలో నాన్న నవ్వుతున్నాడు, పక్కనున్న వాళ్ళందరూ నవ్వుతున్నారు, అమ్మ పెదాలు మాత్రం కుట్టేసినట్టున్నాయి. నన్ను మొదటిసారి ఎత్తుకున్న ఫోటోలోనూ అంతే. నా అప్పటి మొహం చూసి నవ్వాపుకోవడం ఎంత కష్టమో మీకూ తెలుసు, ఆవిడ ఆపుకుంది. లైబ్రరీ ఉద్యోగుల ఫోటోలో "నిశ్శబ్దం పాటించండి" బోర్డు కింద కూర్చుని ఆ బోర్డు కన్నా నిశ్శబ్దంగా ఉంది. ఒకే ఒక్క ఫోటోలో నవ్వు పట్టుబడింది. దాని ముందు అరచెయ్యి అడ్డంగా ఉంది. మీకు అరచెయ్యి కొలతలు కావాలంటే పంపుతాను.

కాబట్టి మావయ్యా, తెలియక అడుగుతున్నాను. ఆ వంకర పన్ను మళ్ళీ పెట్టి తీరాలా? అమ్మని ఒకమాట అడిగారా? వినయంతోనే అడుగుతున్నాను, చీటీ విసిరెయ్యకండి.

విధేయుడు


పళ్ళ ల్యాబ్, మేడ మీద
గడియారం బాగైంది, బ్యాటరీ మార్చాను

మేనల్లుడా,

అడగడమేమిట్రా? గడియారానికి ముళ్ళు కావాలా అని ఎవరైనా అడుగుతారా? ఆ పన్ను లేకపోతే అది మా అక్క నోరే కాదు. ఫోటోలో నోరు మూసుకుందంటే లైబ్రరీ అలవాటు. ఇంట్లో నేను ఎన్నిసార్లు చూడలేదూ, పకపకా నవ్వడం! సరే, ఫోటో లేకపోతే పోనీ, నా జ్ఞాపకం మీదే గీస్తాను.

ఇప్పుడు కాస్త గొప్పలు చెప్పుకుంటాను, ఓపిగ్గా చదువు. డాక్టరమ్మ నిన్న మెట్లెక్కి స్వయంగా వచ్చింది. ఎప్పుడైనా వచ్చిందా ఇంతకుముందు? "ఏమండీ, ఈ మధ్య మీ చేతిలో ఏం మహత్యం ఉందో! పళ్ళు ముత్యాల్లా వస్తున్నాయి, పేషెంట్లు అద్దం వదలడం లేదు" అంది. నేనేమో ఊరికే కళ్ళజోడు తుడుచుకున్నాను. ఆవిడ స్నేహితురాలి క్లినిక్ నుంచి కూడా పని వస్తోంది. ఇన్నేళ్ళ అనుభవం ఒక పక్క, నీ కార్డు ఒక పక్క. నీ కార్డుకి కూడా కొంచెం పేరు ఇస్తున్నాను, చూడు.

ఒక్క గొడవ మాత్రం వచ్చింది. ఫుట్‌బాల్ మాస్టారు నీకు గుర్తున్నారా, మా వీధి మలుపులో ఉంటారు? ఆయనకి పై పళ్ళ మధ్య సందు. ఆ సందులోంచి ఈల వేస్తే మైదానం మొత్తం ఆగిపోయేది. రిటైరయ్యాక ఆ ఈలకి మిగిలింది కుక్క ఒక్కటే. దాని పేరు దొర. ఆయన ఈల వేస్తాడు, దొరగారు ఎక్కడున్నా పరిగెత్తుకొస్తారు. ఈ మధ్య ఆ రెండు పళ్ళూ పోతే కొత్తవి నేనే కట్టాను. సందు కొలిచి మరీ పెట్టాను. తెర మీద నా కళ్ళతో చూశాను.

ఈ పొద్దున్న వచ్చి బల్ల మీద చెయ్యి కొట్టాడు.

"ఏమయ్యా, నా సందేదీ?"

"నోట్లోనే ఉంటుంది మాస్టారూ."

"నోట్లో ఉంటే ఈల రావాలి కదా? వేస్తాను చూడు." వేశాడు. బుడగలో గాలి పోయినట్టు శబ్దం వచ్చింది. "కుక్క నా మొహం చూసి తల తిప్పుకుని పక్కింటికి పోయిందయ్యా! ఇప్పుడు వాళ్ళ గుమ్మంలో పడుకుంటోంది!"

చూద్దును కదా, నిజంగానే సందు లేదు. పంటికి పన్ను అతుక్కుని ఉంది. పంపేముందు ఎందుకు చూసుకోలేదంటావేమో. సందు పెట్టానని నాకు తెలుసు కదరా, చూసేదేముంది?

పెట్టాననుకుని పెట్టలేదా? కార్డులో గానీ ఏదైనా తేడా ఉందా? కొంచెం చూసి చెప్పు.

మావయ్య


అద్దె గది, మెట్ల కింద
ఆఫీసు నుంచి త్వరగా వచ్చిన రోజు

గౌరవనీయులైన మావయ్యగారికి,

మీ ఫిర్యాదు అందిన వెంటనే ఏకసభ్య విచారణ సంఘాన్ని నియమించాను. ఆ సభ్యుణ్ణి నేనే. సంఘం మంచం మీద కూర్చుని సుదీర్ఘంగా ఆలోచించి ఈ కింది విషయాలు తేల్చింది.

గ్రాఫిక్స్ కార్డు నిర్దోషి. తనకి ఏం చెబితే అది చూపించింది. డ్రైవర్ నిర్దోషి. తీగ నిర్దోషి, దాన్ని ఏ పిల్లి పీకినా సరే. మిల్లింగ్ మెషిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, తనకి ఏది అందిందో అదే చెక్కింది. మీ చెయ్యి కూడా నిర్దోషే అని సంఘం నొక్కి చెబుతోంది. ఇలా ఒక్కొక్కరినీ వదిలేస్తూ పోతే బోనులో ఎవరు మిగులుతారని మీరు అడగొచ్చు. విచారణ కొనసాగుతోంది.

ఈలోగా సంఘం వారి తాత్కాలిక ఉత్తర్వులు: అమ్మ పళ్ళ పని అయ్యేదాకా మీరు కంప్యూటర్‌లో దేన్నీ కెలకొద్దు. ముఖ్యంగా పళ్ళ ప్రోగ్రామ్‌లో సెట్టింగులనే పేజీల జోలికి అసలు వెళ్ళొద్దు. సభ అవగానే నేనే సెలవు పెట్టి వచ్చి మొత్తం చూస్తాను. మాస్టారికి ప్రస్తుతానికి ఆటసామాన్ల కొట్లో దొరికే ఇత్తడి ఈల ఒకటి నా తరఫున ఇప్పించండి.

దొరగారు ఇత్తడి ఈలకి లొంగుతారని ఆశ.

విధేయుడు

తాజా కలం: డాక్టరమ్మ పొగడ్తలు చదివి గర్వంతో ఛాతీ ఉబ్బింది. ఎవరి గురించి అన్నది అడక్కండి.


ల్యాబ్
సభ మర్నాడు

అబ్బాయికి,

దొర ఇత్తడి ఈలకి రాలేదు.

అది అలా ఉంచు. అక్క పళ్ళు కట్టాను. ఏ పనికీ కూర్చోనంత శ్రద్ధగా కూర్చున్నాను. బీరువా మీంచి అచ్చు దింపి పక్కన పెట్టుకుని, తెర మీద ఆ పన్నుని పక్కదాని మీదకి వాల్చాను. ఎంత వాలాలో అంతే వాల్చాను. తెర మీద అక్క నవ్వినట్టే అనిపించింది. మెషిన్‌కి పంపాను. చెక్కి బయటికి వచ్చింది చూస్తే నాలుగు పళ్ళూ సిపాయిల్లా నిలబడి ఉన్నాయి.

పొరపాటేమో అనుకున్నాను. మళ్ళీ గీశాను, ఈసారి ఇంకొంచెం ఎక్కువే వాల్చాను. మళ్ళీ నేరుగానే వచ్చింది. ఇంకోసారీ అంతే. రోజులు లేవు. చివరికి నేరుగా ఉన్నదే పెట్టించాం.

కార్డు నిర్దోషి అని నువ్వే రాశావు. మెషిన్ కూడా. వాటి మీద నాకూ అనుమానం లేదు, కార్డు కొత్తది, మెషిన్ అందిందే చెక్కుతుంది. కూర్చుని ఆలోచిస్తే ఒకటే కనిపిస్తోంది. నేను గీశాననుకుంటున్నది నేను గీయడం లేదు. కన్ను ఒకటి చూస్తోంది, చెయ్యి ఇంకొకటి చేస్తోంది. మాస్టారి సందు కూడా అలాగే పోయుంటుంది. ఆ డబ్బాలో ఉన్న పాతదంతా నువ్వు మార్చేశావు కదా. ఇక్కడ మార్చకుండా మిగిలింది నేనొక్కణ్ణే.

నా చెయ్యి నిర్దోషి అని కూడా రాశావు. నా మనసు కష్టపెట్టకూడదని రాశావని తెలుసు.

మీ అమ్మ కూడా అంతే. పళ్ళు పెట్టిన దగ్గర్నుంచీ నన్ను ఓదార్చడానికి తెగ నవ్వుతోంది. సభలో పూలదండ వేసినప్పుడు నవ్వింది, చప్పట్లు కొడితే నవ్వింది, ఎవరో ఆమె గురించి ఏడుస్తూ మాట్లాడుతుంటే కూడా నవ్వింది. ఇంటికొచ్చాక అద్దం దగ్గర ఒక్కతే నిలబడి నవ్వుతోంది, నేను చూస్తానని. బాధని ఇలా నవ్వులో దాచుకోవడం అక్కకే చెల్లింది. ఆ నవ్వులో మా అక్క లేదురా. ఎవరో చక్కనామె నవ్వుతున్నట్టుంది.

డాక్టరమ్మకి చెప్పేశాను, ఇక పని పంపొద్దని. ఆవిడ నమ్మలేదు, "ఇంత బాగా చేస్తూ ఎందుకు మానేస్తారు?" అంది. వచ్చే వారం బోర్డు దింపడానికి మనిషిని మాట్లాడాను. సొంత అక్క పన్ను కట్టలేనివాడు ఊళ్ళోవాళ్ళకి ఏం కడతాడు? నువ్వు వచ్చి ఆ కార్డు ఊడదీసి పట్టుకుపో. ఆటలు ఆడుకోవడానికి పనికొస్తుందని అప్పుడు అన్నావుగా.

కుళాయికి వాషర్ వేయించాను. అది నీ తప్పు కాదులే.

మావయ్య


బస్టాండు, టికెట్ కిటికీ పక్కన బెంచీ
బస్సు రావడానికి ఇంకా టైముంది

మావయ్యా,

బోర్డు దింపొద్దు. ఆ మనిషి నిచ్చెన వేసి ఉంటే ముందు నిచ్చెన తీయించి, ఆ తర్వాత ఈ ఉత్తరం చదవండి. దీన్ని ఇప్పుడు బయల్దేరే బస్సు కండక్టర్ చేతికిస్తున్నాను, నేను తర్వాత బస్సులో వస్తాను. నాకన్నా ముందు కాగితం చేరాలి. నేనే ఎదురుగా వస్తే నన్ను మీరు పూర్తిగా చెప్పనివ్వరు. ఎదుటివాడు నోరు మూసుకుని వినడంలో సుఖముందని నేర్పింది మీరే, ఇప్పుడు వంతు మీది.

మీ కన్ను చూసిందే మీ చెయ్యి చేసింది. మూడుసార్లూ మీరు పన్నుని వంకరగానే గీశారు. మాస్టారి సందు కూడా పెట్టారు. కొత్త ప్రోగ్రామ్‌లో ఒక గడి ఉంది: "మెషిన్‌కి పంపేముందు పళ్ళ వరుస సరిచేయి." అందులో టిక్ ఉంటే తెర మీద మీరు గీసింది గీసినట్టే ఉంటుంది. మెషిన్‌కి వెళ్ళే దారిలో మాత్రం అది మీ వంకరలన్నీ నిఠారుగా లాగేస్తుంది, సందులన్నీ మూసేస్తుంది. సెట్టింగుల జోలికి వెళ్ళొద్దని ఉత్తర్వులు జారీ చేసిన సంఘానికి ఈ సంగతి అప్పటికే తెలుసు. అది మాస్టారి సందుని కూడా మూసేసిందని మీరు రాసిన రోజే తెలిసింది. డాక్టరమ్మ మెచ్చుకున్న మహత్యం కూడా ఆ గడిదే. ఈ ఒక్క విషయంలో మీకు నా సానుభూతి.

ఆ గడి గురించి చెప్పేముందు ఇంకో మాట. నేను సెలవు మీద వచ్చినప్పుడు, మీరు కింద టీ తాగుతుండగా అమ్మ ల్యాబ్‌కి వచ్చింది. వెనక్కి వెనక్కి చూసుకుంటూ నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"నా పళ్ళు తీసేస్తారట్రా."

"మావయ్య కడతాడులే అమ్మా."

"అదే భయం. వాడు మళ్ళీ ఆ వంకర పన్నే పెడతాడు."

"వద్దని చెప్పు."

"ఎలా చెప్పనురా? వాడు పని నేర్చుకుందే దాని మీద. అందరికీ అచ్చు తీసి చూపిస్తాడు, మా అక్క పన్ను, మా అక్క పన్ను అని. వద్దంటే వాడి మనసు విరిగిపోతుంది. డాక్టరమ్మకి చెబితే ఆవిడ వాడికి చెబుతుంది. నువ్వు ఇంత చదివావు కదా, దీంట్లో ఏదో ఒకటి చెయ్యలేవూ?" అని కంప్యూటర్ వైపు చూసింది. తర్వాత నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఒక్క ఫోటోలో నోరు తెరిచి నవ్వాలనుందిరా. ఒక్కదాంట్లో. ఆ సభలో అయితే బాగుంటుంది."

ఆమె పకపకా నవ్వడం మీరు ఇంట్లో చూశారన్నారు. నిజమే. ఆ చెయ్యిని మాత్రం మీరు చూడలేదు. మీకు ఆ పన్నంటే ఎంత ఇష్టమంటే, చేతి వెనకాల ఉన్నా అది మీకు కనిపించేది.

మీ ఉత్తరం చదివి నిన్న అమ్మకి ఫోన్ చేశాను. మీరు ల్యాబ్ మూసేస్తున్నారని చెప్పాను. "నువ్వే చెప్పమ్మా" అన్నాను. "వద్దురా, నువ్వే రాయి. వాడి ముందు నిలబడి క్షమించమందామంటే నవ్వు ఆగడం లేదు. వాడికి ఇంకా కోపం వస్తుంది" అంది. మీరు అనుకుంటున్నట్టు ఆ నవ్వు మిమ్మల్ని ఓదార్చడానికి కాదు మావయ్యా. అద్దం దగ్గర ఆవిడ మీరు చూస్తున్నారని నవ్వలేదు. మీరక్కడ ఉన్నారని కూడా ఆవిడకి తెలిసుండదు.

సభలో అమ్మ స్నేహితురాలు తీసిన ఫోటో ఇందులో పెడుతున్నాను. మీరు అప్పుడు అడిగిందే, దొరకడానికి కాస్త ఆలస్యమైంది. నోరారా నవ్వుతోంది, అరచేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. పెదవి ఎంత లేస్తుందో కొలుచుకోండి. తర్వాత కూడా ఆవిడకి ఆ వంకర పన్నే పెట్టాలనిపిస్తే పెట్టండి, నేను అడ్డురాను. ముందు మాత్రం ఫోటో చూడండి.

సెట్టింగుల్లో మూడో పేజీలో ఉంటుంది ఆ గడి. టిక్ తీసేసి మాస్టారి పళ్ళు మళ్ళీ చెక్కించండి. మీరు గీసిన సందు ఆ ఫైల్లో అలాగే ఉంది. కొత్తవి పెట్టాక పక్కింటి గుమ్మం ఎదురుగా నిలబడి ఒక్క ఈల వెయ్యమనండి. దొరకి నేను స్వయంగా వచ్చి క్షమాపణ చెబుతాను, ఈసారి సాష్టాంగపడడానికి వీధి నిండా చోటుంది.

ఇదివరకు రుతువుల తరఫున, కుళాయి తరఫున, పిల్లి తరఫున ఎన్నో క్షమాపణలు చెప్పాను. వాటిలో ఒక్కటీ నేను చేసింది కాదు. తెర నల్లబడింది నావల్ల కాదు. మీ కన్ను చెడిందీ లేదు, చెయ్యి తప్పిందీ లేదు. గడి కింద "అన్ని కేసులకూ వర్తిస్తుంది" అని సన్న అక్షరాల్లో ఉంటే చదవకపోవడం నా పొరపాటు, దానికి మాస్టారికీ దొరకీ నేను బాకీ. అమ్మకి మాత్రం కాదు. ఆ రోజు ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్లు దిగుతుంటే చూసి, మీ అడుగుల చప్పుడు వినబడేలోపల, తెలిసి, కావాలని, ఆ గడిలో టిక్ పెట్టింది నేనే.